వాల్తేరులో కూర్చుని వెలుగు లెక్క తేల్చిన సూరి భగవంతం

బంగారం పచ్చగా ఉంటుందని చిన్నపిల్లలకూ తెలుసు. అదే బంగారాన్ని 20 నానోమీటర్ల గుండ్లుగా చేసి నీళ్లలో కలిపితే ఆ నీళ్లు కెంపు రంగులో కనిపిస్తాయి. వెండిని అలాగే చేస్తే లేత పసుపు రంగు వస్తుంది. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు అంత చిన్న గుండులో ఇరుక్కుపోతే, కాంతి తగలగానే అన్నీ కలిసి అటూ ఇటూ ఊగుతాయి. నడుస్తుంటే బిందెలో నీళ్లు తొణికినట్టు. ఆ ఊపుతో కుదిరిన రంగును గుండు పట్టేసుకుంటుంది. మిగిలింది మన కంటికి చేరుతుంది. ఈ ఎర్ర బంగారాన్ని మైకేల్ ఫారడే 1857లోనే పరిశీలించారు. జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ మీ 1908లో దానికి గణితం రాశారు.

ఇంతవరకూ ఒక గుండు కథ. రెండు గుండ్లను పక్కపక్కన పెడితే కథ మారుతుంది. రెండింటిలోని ఎలక్ట్రాన్లూ ఒకే దిక్కుకు ఊగితే ఆ ఊపు కాంతికి బాగా కనిపిస్తుంది. ఒకదానికొకటి ఎదురుగా ఊగితే వాటి ప్రభావాలు పరస్పరం రద్దయిపోతాయి. ఊపు ఉంటుంది, కాంతికి మాత్రం దాదాపు కనిపించదు. ఇక వేల గుండ్లను చదరంగం గళ్లలా, కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉండే దూరంలో పేరిస్తే, ఒక్కో గుండు చెదరగొట్టిన కాంతి పక్క గుండును సరిగ్గా తాళంలో చేరుతుంది. ఒంటరి గుండు విషయంలో వెడల్పుగా పరుచుకున్న రంగు పట్టీ, వరసలో పేర్చాక సన్నని గీతగా మారుతుంది. లోహం అదే, గుండు సైజు అదే. మారింది అమరిక ఒక్కటే.

ఒక అమరికలో మొత్తం ఎన్ని రకాల ఊపులు ఉంటాయి, వాటిలో కాంతికి కనిపించేవి ఎన్ని, కనిపించనివి ఎన్ని అన్నది ప్రయోగశాలకు వెళ్లకుండానే తేల్చవచ్చు. ఆ అమరికను ఎటు తిప్పితే మళ్లీ మొదట ఉన్నట్టే కనిపిస్తుందో లెక్కగడితే చాలు. నానో కణాల వరసల మీద పనిచేసేవారు ఇప్పుడు ఈ లెక్కను మామూలుగా వాడుకుంటారు. స్ఫటికాల విషయంలో ఈ లెక్కకు ఒక తేలికైన, తప్పులేని పద్ధతిని 1939లో ఇచ్చినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని ఇద్దరు తెలుగువాళ్లు. ఒకరు గణితం చదివిన టి. వెంకటరాయుడు. రెండోవారు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండని భౌతికశాస్త్ర అధ్యాపకుడు సూరి భగవంతం.

ఆయన పేరు చెబితే కొందరికి ఉస్మానియా వైస్ చాన్సలర్ గుర్తొస్తారు, కొందరికి రక్షణ పరిశోధన సంస్థ అధిపతి గుర్తొస్తారు, ఇంకొందరికి సత్యసాయి బాబా పక్కన వేదిక మీద నిలబడి అనువాదం చేసిన పెద్దమనిషి గుర్తొస్తారు. వెలుగు మీద ఆయన చేసిన పని గుర్తున్నవాళ్లు భౌతికశాస్త్రం చదివినవాళ్లలోనూ తక్కువే.

ఆగిరిపల్లి నుంచి కలకత్తాకు

భగవంతం 1909 అక్టోబర్ 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. జిల్లాల పునర్విభజన తర్వాత ఆ ఊరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. హైదరాబాద్ నిజాం కాలేజీలో భౌతికశాస్త్రంలో డిగ్రీ చేశారు. అప్పట్లో ఆ కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది.

డిగ్రీ పూర్తయ్యేనాటికి దేశంలో ఒక సంచలనం జరుగుతోంది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సీవీ రామన్ బృందం ఒక కొత్త విషయాన్ని గుర్తించింది. ఒక ద్రవం గుండా ఒకే రంగు కాంతిని పంపితే, చెదిరి బయటికొచ్చే కాంతిలో అతి కొద్ది భాగం రంగు మారి వస్తుంది. అణువులు తమ కంపనాలకు సరిపడా శక్తిని కాంతి నుంచి తీసుకోవడమో, దానికి ఇవ్వడమో చేస్తాయి కాబట్టి, ఆ మారిన రంగును కొలిస్తే అణువు ఎలా కంపిస్తోందో చెప్పవచ్చు. ఇదే రామన్ ఎఫెక్ట్. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచిందని, తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో పనిచేశారని తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. ఆయన ప్రయోగశాలలో తెలుగువాళ్లు చేసిన పని గురించి మాత్రం అంతగా చెప్పుకోం.

భగవంతం అదే ఏడాది కలకత్తా వెళ్లి, ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో రామన్ దగ్గర చేరారు. అప్పటికి ఆయన వయసు 19. లేజర్లు రావడానికి ఇంకా మూడు దశాబ్దాలు పైనే ఉంది. పాదరస దీపం కాంతిని నమూనా మీద వేసి, చెదిరిన కాంతిని స్పెక్ట్రోగ్రాఫ్‌లోకి పంపి, ఫొటో ప్లేటు మీద గీత పడేదాకా ఎదురుచూడాలి. రంగు మారి వచ్చే కాంతి ఎంత తక్కువంటే, నమూనా మీద పడిన కోటి కాంతి కణాల్లో సుమారు ఒక్కటి. ఒక గీత కోసం గంటలు పట్టేది, కొన్నిసార్లు రోజులు పట్టేది. ప్లేటు కడిగాక ఏమీ పడలేదని తేలితే మళ్లీ మొదటి నుంచి.

ఆ ఓపికలోనే 1930లో వజ్రం మీద పనిచేశారు. వజ్రం ఇచ్చే రామన్ గీత ప్రధానంగా ఒక్కటే. అంత గట్టి, అంత క్రమమైన పదార్థం ఒక్క గీతే ఎందుకు ఇస్తుంది? కొన్నేళ్ల తర్వాత వాల్తేరులో చేసిన లెక్కల్లో దీనికి జవాబు ఉంది.

కలకత్తా రోజుల్లోనే మరో పెద్ద పని జరిగింది. ప్లాంక్ సూత్రాన్ని 1924లో కొత్త దారిలో రాబట్టిన సత్యేంద్రనాథ్ బోస్, కాంతి కణానికి శక్తి, ద్రవ్యవేగంతో పాటు సొంత భ్రమణం కూడా ఉండి ఉండాలని ఊహించారు. దానికి ప్రయోగంలో ఆధారం కావాలి. అణువులు చెదరగొట్టిన కాంతి ధ్రువణాన్ని, అంటే కాంతి తరంగం ఊగే దిశను, జాగ్రత్తగా కొలిచి రామన్, భగవంతం 1931లో ఆ ఆధారం చూపారు. 1932 జనవరిలో నేచర్ పత్రికలోనూ ఆ ఫలితం వచ్చింది. కాంతి ఒక వస్తువును నిజంగా తిప్పగలదని అమెరికాలో రిచర్డ్ బెత్ నేరుగా కొలిచి చూపింది ఆ తర్వాత, 1936లో. నోబెల్ అందుకుని ఏడాదైనా కాని గురువు పేరు పక్కన 22 ఏళ్ల కుర్రాడి పేరు ఉంది. అది మామూలు విషయం కాదు.

కొండ మీద కొత్త కాలేజీ

1932లో భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పుడు వైస్ చాన్సలర్. జయపురం మహారాజా విక్రమదేవ్ వర్మ ఇచ్చిన ఏటా లక్ష రూపాయల విరాళంతో సైన్స్ కాలేజీ అప్పుడే మొదలవుతోంది. కలకత్తాను వాల్తేరుతో కలిపిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేయే బిలాస్‌పూర్ లాంటి ఊళ్లకు తెలుగు కుటుంబాలను తీసుకొచ్చింది. ఆ రోజుల్లో చదువుకున్న తెలుగువాళ్లు ఆ రైలెక్కి ఉద్యోగాలకు ఉత్తరానికి వెళ్తుండేవారు. భగవంతం ప్రయాణం దానికి ఎదురు దిక్కున సాగింది.

వాల్తేరులో కలకత్తాకు ఉన్న పేరు లేదు, పాత పరికరాలూ లేవు. అక్కడ దొరికేది సమయం, కాగితం, తెలివైన విద్యార్థులు. కాగితం మీద చేయగల పని ఒకటి అప్పటికే సిద్ధంగా ఉంది. యూజీన్ విగ్నర్ 1930లో, సమూహ సిద్ధాంతం అనే గణిత శాఖను అణువుల కంపనాలకు వాడి చూపారు. అణువులో పరమాణువులు పదీ పన్నెండు ఉంటాయి కాబట్టి లెక్క చేతికి అందుతుంది. స్ఫటికంలో మాత్రం ఒక చిన్న ముక్కలో కూడా లెక్కలేనన్ని పరమాణువులు. అన్ని కంపనాలనూ ఎవరు లెక్కపెడతారు?

భగవంతం, వెంకటరాయుడు దీన్ని సూటిగా తేల్చారు. స్ఫటికం అంటే ఒకే అచ్చును మళ్లీ మళ్లీ వేసిన ముగ్గు లాంటిది. కాంతి తరంగం పొడవుతో పోలిస్తే ఆ అచ్చు చాలా చిన్నది. కాబట్టి కాంతికి సంబంధించినంత వరకూ పక్కపక్క అచ్చులన్నీ ఒకేలా కదిలే కంపనాలే ముఖ్యం. అంటే ఒక్క అచ్చును తీసుకుని, దాన్ని తిప్పినా అద్దంలో చూసినా ఏది మారుతుంది, ఏది మారదు అని చూస్తే సరిపోతుంది. స్ఫటికం లెక్క ఒక్క అచ్చు లెక్కకు దిగివచ్చింది.

కాల్సైట్‌ను తీసుకుందాం. సున్నపురాయిలోనూ పాలరాయిలోనూ ఉండే ఖనిజమే ఇది. దాని అచ్చులో 10 పరమాణువులు ఉంటాయి. ఒక్కోటి మూడు దిక్కుల్లో కదలగలదు కాబట్టి మొత్తం 30 కదలికలు. వాటిలో మూడు, స్ఫటికమంతా కలిసి జరిగేవి. మిగిలిన 27 కంపనాల్లో కొన్ని జంటలుగా ఒకే పౌనఃపున్యంతో ఉంటాయి. వీటన్నిటినీ సౌష్ఠవాన్ని బట్టి వేరు చేస్తే, రామన్ పద్ధతిలో కనిపించడానికి వీలున్న గీతలు సరిగ్గా ఐదు. ఇంకొన్ని పరారుణ కాంతిలో మాత్రమే కనిపిస్తాయి. కొన్నయితే రెండింటిలోనూ కనిపించవు. మొదట్లో చెప్పిన రెండు లోహపు గుండ్లలో ఎదురెదురు ఊపు రద్దయిపోయినట్టే, ఇక్కడా సౌష్ఠవం వల్ల కొన్ని కంపనాలు కాంతికి చాటుగా ఉండిపోతాయి. వజ్రం ప్రశ్నకూ జవాబు ఇదే. దాని అచ్చులో రెండే పరమాణువులు, రామన్‌కు కనిపించే కంపనం ఒక్కటే.

ఇది వినడానికి తేలిక. కానీ దీని ఉపయోగం చాలా పెద్దది. ప్రయోగంలో ఐదుకు బదులు ఏడు గీతలు వచ్చాయంటే నమూనాలో మరేదో కలిసి ఉందని, లేదా స్ఫటికం నిర్మాణం గురించి మనం అనుకున్నది తప్పని అర్థం. ఆ రోజుల్లో ఎక్స్-రే పరికరం అన్ని చోట్లా ఉండేది కాదు. పెన్సిలుతో వేసిన పట్టిక ప్రయోగాన్ని తనిఖీ చేయగలగడం చిన్న కాలేజీలకు పెద్ద ఆయుధం. భగవంతం రామన్ ఎఫెక్ట్ మీద రాసిన పుస్తకాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1940లో అచ్చువేసింది. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతం మీద రాసిన పుస్తకం 1948లో వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు దేశదేశాల పరిశోధకులు తమ పత్రాల్లో ఉదహరించిన పుస్తకం అది.

యుద్ధకాలంలో వాల్తేరు ప్రశాంతంగా లేదు. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. ఆ గందరగోళంలోనూ భగవంతం, జె. భీమసేనాచార్ స్ఫటికాల గట్టిదనాన్ని కొలిచే కొత్త పద్ధతిని తయారుచేశారు. పచ్చర ఆకారంలో కోసిన క్వార్ట్జ్ ముక్కతో వేర్వేరు పౌనఃపున్యాల శబ్ద తరంగాలను స్ఫటికంలోకి పంపి, ఏ పౌనఃపున్యానికి అది అనునాదం చెందుతుందో చూడటం ఆ పద్ధతి. వజ్రాన్ని నొక్కితే, ఒరిపిస్తే ఎంత ఎదురుతిరుగుతుందో చెప్పే మూడు స్థిరాంకాలను వాళ్లు ఇలాగే కొలిచి 1940ల మధ్యలో ప్రకటించారు. ఆ అంకెలు అన్నీ నిలబడలేదు. 1957లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో మెక్‌స్కిమిన్, బాండ్ మళ్లీ కొలిచినప్పుడు, మూడింటిలో ఒకదానికి వీళ్ల విలువ మూడు రెట్లు ఎక్కువగా ఉందని తేలింది. ఇది దాచాల్సిన విషయం కాదు. వజ్రాన్ని కొలవడానికి దారి చూపినవాళ్ల కొలత తర్వాతి వాళ్లు దిద్దుకునేలా ఉండటం ఈ వృత్తిలో మామూలే.

నానో కణాల వరసలకు అన్నిటికంటే దగ్గరగా వచ్చే పని మరొకటి. పారదర్శకమైన పదార్థంలోకి శబ్ద తరంగాన్ని పంపితే అది కొన్నిచోట్ల దగ్గరగా, కొన్నిచోట్ల దూరంగా నొక్కుకుంటూ పోతుంది. అంటే క్షణకాలం పాటు క్రమమైన గీతలు ఏర్పడతాయి. కాంతి ఆ గీతల మీద పడి కొన్ని ఖచ్చితమైన దిక్కుల్లోకి వంగుతుంది. భగవంతం, బి. రామచంద్రరావు 1948లో చాలా ఎక్కువ పౌనఃపున్యాల శబ్దంతో దీన్ని చూపారు. ఇప్పటి పరిశోధకులు బంగారు గుండ్లను ఒక్కొక్కటిగా పేర్చి శాశ్వతంగా కట్టే గళ్లను, వాళ్లు శబ్దంతో కట్టి, స్విచ్ ఆపగానే చెరిపేశారు.

కుర్చీలు, కుర్చీలు

1948 నుంచి ఆయన జీవితం మరో దారి పట్టింది. లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్ర అనుసంధాన అధికారిగా వెళ్లారు. 1949లో ఉస్మానియాకు భౌతికశాస్త్ర ప్రొఫెసర్‌గా వచ్చారు. 1952 నుంచి 1957 దాకా అక్కడే వైస్ చాన్సలర్. 1957 నుంచి 1962 దాకా బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది సతీశ్ ధావన్. 1961లో డీఎస్ కొఠారీ స్థానంలో రక్షణ శాఖ శాస్త్ర సలహాదారుగా, డీఆర్‌డీఓ అధిపతిగా బాధ్యతలు తీసుకుని 1969 దాకా ఉన్నారు. చైనాతో యుద్ధం, పాకిస్తాన్‌తో యుద్ధం రెండూ ఆ ఎనిమిదేళ్లలోనే జరిగాయి. క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్, లోహాల ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్ హైదరాబాద్‌లో వేళ్లూనుకున్నదీ ఆ కాలంలోనే.

బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లోని తారామండలానికి అబ్దుల్ కలాం పేరు పెట్టారు. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల పిల్లలకు కలాం అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. కలాం యువ ఇంజనీరుగా బెంగళూరులో డీఆర్‌డీఓ హోవర్‌క్రాఫ్ట్ మీద పనిచేస్తున్న రోజుల్లో, ఆ సంస్థ పగ్గాలు చేపట్టింది ఆగిరిపల్లి మనిషి అని చెబితే మాత్రం పెద్దవాళ్లు కూడా ఆశ్చర్యపోతారు.

ఈ పదవులు దేశానికి అవసరమే. కొత్తగా స్వతంత్రమైన దేశంలో ప్రయోగశాలలను కట్టగలిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. కానీ ఆయన పేరు నిలబెట్టిన పరిశోధనలో చాలా భాగం 19 నుంచి 39 ఏళ్ల మధ్య జరిగిందన్నది కూడా వాస్తవం. మంచి శాస్త్రవేత్తను ప్రయోగశాల నుంచి లేపి ఆఫీసులో కూర్చోబెట్టడం మన దేశానికి అప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటు ఖరీదు ఎంతో ఎవరూ లెక్కకట్టలేదు. భగవంతం విషయంలో అది ఎక్కువేనని నాకనిపిస్తుంది.

అయినా ఆయన పూర్తిగా వదిలేయలేదు. డీఆర్‌డీఓ నడుపుతూనే పీవీ పంతులుతో కలిసి అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవం మీద పనిచేశారు. పరమాణువు ఎక్కడుందో మాత్రమే చూస్తే స్ఫటికాలకు 32 తరగతులు సరిపోతాయి. ఒక్కో పరమాణువు చిన్న అయస్కాంతం కూడా అయితే, దాని ముల్లు ఎటు చూస్తోందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అప్పుడు మరో 58 తరగతులు కలుస్తాయి. ఏ తరగతి స్ఫటికం ఏ లక్షణం చూపగలదో పట్టికలతో సహా వివరించే ఆయన పుస్తకం 1966లో అకడమిక్ ప్రెస్ నుంచి వచ్చింది. రెండు యుద్ధాల నడుమ ఫైళ్లు చూస్తూ ఇలాంటి పుస్తకం రాసిన రక్షణ అధికారులు ఎక్కువమంది ఉండరు.

చివరి దశాబ్దాల్లో వర్ధమాన దేశాల్లో శాస్త్ర సాంకేతిక రంగాల అభివృద్ధి కోసం ఏర్పడిన అంతర్జాతీయ కమిటీకి నాయకత్వం వహించారు. సత్యసాయి బాబా తెలుగు ప్రసంగాలను ఏళ్ల తరబడి ఇంగ్లిష్‌లోకి అనువదించారు. బాబా మహిమలకు ఒక శాస్త్రవేత్త సాక్ష్యంగా నిలవడాన్ని హేతువాదులు 1970లలో గట్టిగా తప్పుపట్టారు. ఆ వాదన చాలాకాలం సాగింది. ఆయన గురించి జనంలో మిగిలిన జ్ఞాపకంలో ఎక్కువ భాగం ఆ వాదనదే కావడం విచారకరం. 1989లో ఆయన కన్నుమూశారు.

గరుకు వెండి పక్కన

ఆయన బతికుండగానే రామన్ ఎఫెక్ట్‌కు రెండో జన్మ వచ్చింది. 1974లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్ బృందం, గరుకుగా చేసిన వెండి మీద అతుక్కున్న పిరిడిన్ అణువులు అనుకోనంత బలమైన రామన్ గీతలు ఇస్తున్నాయని గమనించింది. అణువులు ఎక్కువ అతుక్కోవడం వల్ల కాదని, వెండే ఆ కాంతిని లక్షల రెట్లు పెంచుతోందని 1977లో వేరే బృందాలు తేల్చాయి. వెండి గరుకులోని చిన్న చిన్న బుడిపెల్లో ఎలక్ట్రాన్లు ఊగడం, రెండు బుడిపెల మధ్య సందులో కాంతి మరింత చిక్కబడటం దీనికి ప్రధాన కారణం. కలకత్తాలో గంటల తరబడి ఫొటో ప్లేటు ముందు కూర్చుని పట్టుకున్న కోటికొక్క కాంతి కణాన్ని, లోహపు గుండ్ల మధ్య సందు అలా పెంచి చూపుతోంది.

గరుకు అనేది అదృష్టం మీద ఆధారపడేది. ఒకచోట గీత బలంగా వస్తుంది, పక్కనే రాదు. అందుకే గుండ్లను క్రమంగా పేర్చడం మొదలైంది. అలా పేర్చిన వాటిలో ఏ ఊపు వెలుగుకు దొరుకుతుంది, ఏది చాటుగా ఉంటుంది అన్నప్పుడు మళ్లీ సౌష్ఠవ పట్టికల అవసరం వచ్చింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో డీఆర్‌డీఓ సాయంతో నడిచిన పరిశోధన కేంద్రంలో, లేజర్‌తో తయారుచేసిన వెండి, బంగారు నానో కణాల మీద పేలుడు పదార్థాల అతి సూక్ష్మమైన ఆనవాళ్లను రామన్ గీతల ద్వారా గుర్తించే పని చేశారు. భగవంతం పాఠం చెప్పిన ఊరు, ఆయన నడిపిన సంస్థ, ఆయన జీవితమంతా వెంటాడిన గీతలు, మూడూ ఒకేచోట కలిశాయి.

ఇప్పుడు కాల్సైట్ ముక్కను లేజర్ రామన్ పరికరం కింద పెడితే ఫలితం కొన్ని నిమిషాల్లో తెర మీద కనిపిస్తుంది. 156, 282, 712, 1086, 1436 సంఖ్యల దగ్గర గీతలు వస్తాయి. చివరిది కాస్త బలహీనంగా ఉంటుంది, వెతకాలి. మొత్తం ఐదు.